ఎక్కడ కొన్నావురా? ఫ్లైట్ సిమ్యులేటర్ యాడ్-ఆన్‌లు పెట్టుకోవడం గురించి

పోయిన నెల 21వ తేదీ, రాత్రి పదిన్నర. జీఎస్టీ రిటర్నుల గొడవ ముందురోజే తీరిపోయింది కాబట్టి హాయిగా జాయ్‌స్టిక్ దుమ్ము తుడుచుకుంటున్నాను. హైదరాబాద్ నుంచి మా తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు.

"అత్తా, సింగపూర్ చాంగీ ఎయిర్‌పోర్ట్ కొన్నాను. డబ్బులు కట్ అయ్యాయి. ఇన్‌స్టాల్ అయిపోయిందని కూడా చూపించింది. తీరా లోపలికెళ్తే ఎప్పటి డబ్బా బిల్డింగులే ఉన్నాయి."

"ఎక్కడ కొన్నావురా?"

"ఆన్‌లైన్‌లో."

"ఆన్‌లైన్‌లో అంటే ఏ షాపులో?"

కాసేపు చప్పుడు లేదు. "మెయిల్ చూసి చెప్తా" అన్నాడు.

నేను విజయవాడలో టాక్స్ ప్రాక్టీషనర్‌ని. పగలంతా ఊళ్లోవాళ్ల లెక్కలు రాస్తాను. 2020 ఆగస్టులో, కంప్యూటర్‌లో విమానం నడిపే మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చినప్పటి నుంచి వీలున్న రాత్రుళ్లు విమానం నడుపుతున్నాను. వృత్తి బుద్ధి ఎక్కడికి పోతుంది, దానికి అదనంగా కొన్న ప్రతి యాడ్-ఆన్‌కీ, అంటే విమానానికీ ఎయిర్‌పోర్ట్‌కీ, ఒక పద్దు రాసి పెట్టాను. ఎర్ర అట్ట లాంగ్ నోట్‌బుక్. మా వాడికి ఆ రాత్రి ఫోన్‌లో చెప్పిందంతా ఆ పుస్తకంలోంచి చెప్పిందే. ఇక్కడ రాస్తున్నదీ అదే.

యాడ్-ఆన్ ఏ షాపులో కొన్నామన్న దాన్ని బట్టే నాలుగు సంగతులు తేలిపోతాయి. అది కంప్యూటర్‌లో ఏ ఫోల్డర్‌లో కూర్చుంటుంది, ఏ మెయిల్ ఐడీతో తెరుచుకుంటుంది, దాని అప్‌డేట్ ఎటునుంచి వస్తుంది, పాడైతే ఎవరిని అడగాలి. కొన్నచోటు గుర్తులేకపోతే ఈ నాలుగూ గుర్తులేనట్టే. అందుకే నా మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే.

కొనే ముందు

మీ సిమ్ (సిమ్యులేటర్‌కి మా పొట్టి పేరు) ఏదో కచ్చితంగా తెలుసుకోండి. "మైక్రోసాఫ్ట్‌ది" అంటే సరిపోదు. 2020 వెర్షన్ వేరు, 2024 నవంబర్ 19న వచ్చిన 2024 వెర్షన్ వేరు. ఒక్కోదాన్ని మళ్లీ మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో కొన్నారా, గేములు అమ్మే స్టీమ్‌లో కొన్నారా, గేమ్ పాస్ చందాలో ఆడుతున్నారా అన్నది చూసుకోవాలి. ఎక్స్-ప్లేన్ అనే ఇంకో సిమ్ అయితే 11 కోసం చేసిన విమానం 12లో సరిగ్గా ఎగరకపోవచ్చు. షాపు పేజీలో ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో ఏ సిమ్‌కి, ఏ వెర్షన్‌కి అని ఉంటుంది. ఫోటోలు చూసి మురిసిపోయే ముందు ఆ లైను చదవండి.

ఎక్స్‌బాక్స్‌లో ఆడేవాళ్లకి ఈ తలనొప్పిలో సగం లేదు. వాళ్లు సిమ్ లోపలున్న మార్కెట్‌ప్లేస్‌లో తప్ప ఇంకెక్కడ కొన్నా పనికిరాదు. బయటి షాపులో తక్కువ ధర కనిపించిందని కొంటే ఆ డబ్బులు నీళ్లలో పోసినట్టే.

డబ్బు చెల్లించడం గురించి నా వృత్తి కొద్దీ రెండు మాటలు. స్టీమ్‌లోనూ మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనూ ధర రూపాయల్లోనే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఏరోసాఫ్ట్, సిమ్‌మార్కెట్, ఆర్బ్స్ లాంటి విదేశీ షాపుల్లో యూరోలో, డాలరో చూపిస్తుంది. 2020 నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం కొత్త కార్డు చేతికొచ్చేటప్పటికి ఇక్కడి ఏటీఎంలలో, స్వైప్ మిషన్ల దగ్గర మాత్రమే పనిచేస్తుంది. ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం రెండింటినీ బ్యాంక్ యాప్‌లోకి వెళ్లి మనమే ఆన్ చేసుకోవాలి. కొనడం అయ్యాక విదేశీ స్విచ్ మళ్లీ ఆఫ్ చేసేయండి. పైగా విదేశీ కరెన్సీలో కట్టినందుకు బ్యాంకు వేసే ఫారెక్స్ మార్కప్ అని ఒకటుంటుంది. 3.5 శాతం మార్కప్ ఉన్న కార్డుతో ₹2,500 బిల్లు కడితే ₹87.50 మార్కప్, దానిమీద 18 శాతం జీఎస్టీ ₹15.75, మొత్తం ₹103.25 అదనంగా పడుతుంది. ఒక సమోసా పార్టీ ఖర్చు.

డబ్బులు కట్ అయ్యి కీ (కొన్నదాన్ని తెరిచే అక్షరాలూ అంకెల కోడ్) మెయిల్‌లో రాకపోతే కంగారుపడి రెండోసారి కట్టకండి. ముందు స్పామ్ ఫోల్డర్ చూడండి. తర్వాత ఆ షాపులో లాగిన్ అయ్యి మీ ఆర్డర్ల పేజీ తెరవండి. డౌన్‌లోడ్ లింకు, కీ రెండూ సాధారణంగా అక్కడే ఉంటాయి. మెయిల్ వాటికి నకలు మాత్రమే.

కమ్యూనిటీ ఫోల్డర్ ఎక్కడుంది

మైక్రోసాఫ్ట్ సిమ్‌లో బయటినుంచి తెచ్చినవన్నీ చేరేది ఒకే చోటికి. దాని పేరు కమ్యూనిటీ ఫోల్డర్. సిమ్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారి ఆ ఫోల్డర్ అంతా చదువుకుంటుంది. అందుకని సిమ్ నడుస్తుండగా అందులో ఏదైనా పెడితే, మూసి తెరిచేదాకా కనిపించదు.

దాన్ని పట్టుకోవడానికి నాకు నమ్మకమైన దారి ఒకటుంది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. స్టీమ్‌లో కొన్నవాళ్లు అందులో ఇంగ్లిష్ అక్షరాల్లో యాప్‌డేటా అని, అటూ ఇటూ శాతం గుర్తులు పెట్టి కొట్టండి. రోమింగ్ అనే ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ పేరుతో ఫోల్డర్ ఉంటుంది, 2024 అయితే పేరు చివర 2024 అని ఉంటుంది. మైక్రోసాఫ్ట్ స్టోర్‌వాళ్లకీ గేమ్ పాస్‌వాళ్లకీ దారి కాస్త పొడుగు. రోమింగ్ నుంచి ఒక మెట్టు పైకి వస్తే యాప్‌డేటా, అందులో లోకల్, అందులో ప్యాకేజెస్, అందులో మైక్రోసాఫ్ట్ డాట్ ఫ్లైట్‌సిమ్యులేటర్ అని మొదలయ్యే పొడవాటి పేరున్న ఫోల్డర్, దాని లోపల లోకల్‌క్యాష్. 2024 వెర్షన్ అయితే ఫ్లైట్‌సిమ్యులేటర్ అన్న మాట కోసం వెతక్కండి, దొరకదు. మైక్రోసాఫ్ట్ డాట్ లిమిట్‌లెస్ అని ఉంటుంది. అది తెలియక నేను ఒక రాత్రంతా వెతికాను.

ఏ దారిలో వెళ్లినా చివరికి యూజర్‌సీఎఫ్‌జీ డాట్ ఓపీటీ అనే ఫైలు కనిపిస్తుంది. నోట్‌ప్యాడ్‌తో తెరిచి అడుగుకి వెళ్లండి. ఇన్‌స్టాల్డ్ ప్యాకేజెస్ పాత్ అన్న లైను ఉంటుంది. అక్కడ రాసి ఉన్న చోటి లోపలే అసలైన కమ్యూనిటీ ఫోల్డర్. సిమ్ ఇన్‌స్టాల్ చేసిన రోజు స్థలం చాలక డీ డ్రైవ్‌లో పెట్టమని చెప్పి, ఆ సంగతి మర్చిపోయి సీ డ్రైవ్‌లో వెతికేవాళ్లు చాలామంది. ఆ లైను నమ్మండి, మీ జ్ఞాపకాన్ని కాదు. ఫైలులో ఏమీ మార్చకుండా మూసేయండి. ఇంకో దారి కూడా ఉంది. 2020 సిమ్‌లో జనరల్ ఆప్షన్స్‌లోకి వెళ్లి డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే పైన మెనూ వస్తుంది. అందులో టూల్స్, వర్చువల్ ఫైల్ సిస్టమ్, ప్యాకేజెస్ ఫోల్డర్స్ అని వెళ్తే అక్కణ్నుంచే కమ్యూనిటీ ఫోల్డర్ తెరవొచ్చు.

దొరికాక దానికి డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ పెట్టుకోండి. రెండు సిమ్‌లూ ఉంటే రెండు షార్ట్‌కట్లు పెట్టుకుని, ఒకదానికి 2020 అని, ఇంకోదానికి 2024 అని పేర్లు మార్చండి. ఈ రెండు నిమిషాల పని ముందే చేసి ఉంటే మా వాడు ఆ రాత్రి పదిన్నరకి ఫోన్ చేసేవాడు కాదు. ఎందుకో చివర్లో చెప్తాను.

సిమ్ లోపలి మార్కెట్‌ప్లేస్

ఇది అన్నిటికన్నా తేలిక. కొను నొక్కి, డౌన్‌లోడ్ నొక్కితే అయిపోయింది. కీ లేదు, ఫోల్డర్ వెతుకులాట లేదు. కొన్నది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి అతుక్కుంటుంది. సిమ్‌ని స్టీమ్‌లో కొన్నా సరే, లోపల మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కావాల్సిందే కదా, లెక్క ఆ అకౌంట్ మీదే. కంప్యూటర్ మారిస్తే 2020లో కంటెంట్ మేనేజర్‌కి, 2024లో మై లైబ్రరీకి వెళ్లి మళ్లీ దించుకోవచ్చు. 2020లో కొన్నవాటిలో 2024కి సరిపడేవి అక్కడా వస్తాయి. గేమ్ పాస్ చందా ఆగిపోతే సిమ్ తెరుచుకోదు, కొన్న యాడ్-ఆన్‌లు మాత్రం అకౌంట్‌లోనే ఉంటాయి.

మరి బయట ఎందుకు కొంటారు అంటారా? మార్కెట్‌ప్లేస్‌లో అప్‌డేట్‌లు ఆలస్యంగా వస్తాయి. తయారుచేసినవాళ్లు పంపాక అక్కడ పరీక్షలు జరిగి గానీ మన దాకా రావు. అదే విమానాన్ని వాళ్ల సొంత షాపులో కొన్నవాళ్లకి బగ్ సరిచేసిన వెర్షన్ ముందే వచ్చేస్తుంది. నా పద్ధతేమిటంటే ఎయిర్‌పోర్ట్‌లు మార్కెట్‌ప్లేస్‌లో, విమానాలు తయారీదారు దగ్గర. ఎయిర్‌పోర్ట్‌కి మాటిమాటికీ అప్‌డేట్ అక్కర్లేదు. విమానానికి కావాలి.

ఒకే వస్తువు రెండు చోట్లా ఉంటుంది, కానీ ఒకచోట కొన్నది ఇంకోచోట చెల్లదు. మార్కెట్‌ప్లేస్‌లో కొన్న విమానానికి తయారీదారు సైట్‌లో కీ అడిగితే ఇవ్వరు.

స్టీమ్ సంగతి తొందరగా చెప్పేస్తాను. స్టీమ్‌లో కొన్న ఎక్స్-ప్లేన్‌కి స్టీమ్‌లోనే యాడ్-ఆన్ కొంటే అదే దిగి, అదే కూర్చుంటుంది. కనిపించకపోతే లైబ్రరీలో గేమ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీఎల్‌సీ (యాడ్-ఆన్‌లకి స్టీమ్ పెట్టిన పేరు) కింద దాని పక్కన టిక్ ఉందో లేదో చూడండి. నచ్చకపోతే కొన్న 14 రోజుల లోపు, కొన్నాక గేమ్ రెండు గంటలు దాటి ఆడకుండా ఉంటే వాపసు అడగొచ్చు. మైక్రోసాఫ్ట్ సిమ్‌తో ఒక చిక్కుంది. అసలు డేటా సిమ్ తెరిచాక లోపల దిగుతుంది. స్టీమ్ గడియారం దృష్టిలో అదంతా ఆట సమయమే. మన ఇంటి నెట్ స్పీడ్‌కి విమానం ఎక్కకముందే రెండు గంటలూ అయిపోవచ్చు.

షాపువాళ్ల సొంత యాప్‌లు

ఆర్బ్స్‌కి ఆర్బ్స్ సెంట్రల్, ఏరోసాఫ్ట్‌కి ఏరోసాఫ్ట్ వన్, ఇనిబిల్డ్స్‌కి ఇనిమేనేజర్, పీఎండీజీకి ఆపరేషన్స్ సెంటర్. ఉచితంగా ఏ320, ఏ380 విమానాలు ఇచ్చే ఫ్లైబైవైర్‌వాళ్లకి కూడా ఒక ఇన్‌స్టాలర్ ఉంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి ఫ్లైబైవైర్‌తోనే చేయి తిప్పుకోమంటాను. పైసా ఖర్చు లేదు, కీ లేదు, ఇన్‌స్టాల్ చేయడం తీయడం రెండూ అలవాటవుతాయి.

ఈ యాప్‌లలో నేర్చుకోవాల్సింది ఒక్కటే. మొదటిసారి తెరిచినప్పుడు అది ఏ సిమ్, ఏ ఫోల్డర్ అని అడుగుతుంది, లేదా తనే ఊహించి ఒక దారి చూపిస్తుంది. ఆ పెట్టెలో కనిపించే దారిని మీ షార్ట్‌కట్‌తో సరిపోల్చుకోండి. నెక్స్ట్, నెక్స్ట్ అని కొట్టుకుంటూ పోవడం బ్యాంకు ఫారంలో చూడకుండా సంతకం పెట్టడం లాంటిది. ఇంకో సంగతి: యాప్ ద్వారా పెట్టినదాన్ని యాప్ ద్వారానే తీయండి. ఫోల్డర్‌లోకి వెళ్లి చేత్తో డిలీట్ చేస్తే యాప్ ఇంకా ఉందనే అనుకుంటుంది. తర్వాత అప్‌డేట్ నొక్కితే లేనిదానికి మరమ్మతు చేయబోయి ఎర్రర్ ఇస్తుంది.

జిప్ ఫైలు విప్పడం

అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే కాబట్టి నిదానంగా చెప్తాను.

జిప్ దిగింది అనుకుందాం. దాన్ని తిన్నగా కమ్యూనిటీ ఫోల్డర్‌లో విప్పకండి. డీ డ్రైవ్‌లో పైనే చిన్న పేరుతో ఒక ఖాళీ ఫోల్డర్ చేసుకోండి. నాది "గోడౌన్". డౌన్‌లోడ్స్ లోపల ఫోల్డర్, దాని లోపల ఇంకో ఫోల్డర్ అని లోతుగా వెళ్తే విండోస్‌కి దారి పొడవు 260 అక్షరాలు దాటి, కొన్ని ఫైళ్లు విప్పుకోకుండానే మిగిలిపోతాయి. అది పెద్దగా గొడవ కూడా చేయదు. తర్వాత ఎయిర్‌పోర్ట్‌లో కంట్రోల్ టవర్ ఉంటుంది, దానికి రంగు ఉండదు.

విప్పాక లోపలికెళ్లండి. మీరు వెతకాల్సినవి రెండు ఫైళ్లు: మానిఫెస్ట్ డాట్ జేసన్, లేఅవుట్ డాట్ జేసన్. మొదటిది వస్తువు పేరు, రకం, వెర్షన్ చెప్పే చీటీ. రెండోది లోపలున్న ఫైళ్ల జాబితా. ఈ రెండూ ఏ ఫోల్డర్ తెరవగానే కళ్లెదుట కనిపిస్తాయో, ఆ ఫోల్డర్‌నే కమ్యూనిటీలోకి తీసుకెళ్లాలి. దాని పై ఫోల్డర్‌ని కాదు, లోపలి ఫోల్డర్‌ని కాదు.

2021లో ఒక ఆదివారం నాకు ఉచితంగా దొరికిన ఒక చిన్న ఎయిర్‌స్ట్రిప్ రోజంతా కనిపించలేదు. మూడుసార్లు మళ్లీ దించాను. సిమ్ రెండుసార్లు రిపేర్ చేశాను. సాయంత్రం టీ తాగుతూ ఫోల్డర్ తెరిచి చూస్తే, ఎయిర్‌స్ట్రిప్ పేరుతో ఫోల్డర్, అందులో మళ్లీ అదే పేరుతో ఇంకో ఫోల్డర్, మానిఫెస్ట్ ఆ లోపలిదాంట్లో. విండోస్‌లో ఎక్స్‌ట్రాక్ట్ ఆల్ నొక్కితే జిప్ పేరుతో తనే ఒక ఫోల్డర్ కట్టేస్తుంది. జిప్ లోపల ఎలాగూ ఒకటి ఉంది. గుడ్డసంచీలో పెట్టిన డబ్బాని ఇంకో గుడ్డసంచీలో పెట్టినట్టు. సిమ్ మొదటి సంచీ మూతి తెరిచి చూస్తుంది, చీటీ కనిపించకపోతే వెళ్లిపోతుంది. లోపలి ఫోల్డర్‌ని ఒక మెట్టు పైకి లాగాను, అంతే.

రీడ్‌మీ ఫైలు ఉంటే చదవండి. కొన్ని ఎయిర్‌పోర్ట్‌లకి వేరే లైబ్రరీ ప్యాకేజ్ కూడా కావాలని అందులో రాస్తారు. అది లేకపోతే చెట్లూ బస్సులూ మాయం.

ఇన్‌స్టాలర్ డాట్ ఈఎక్స్ఈ అయితే విండోస్ నీలం రంగు హెచ్చరిక చూపొచ్చు. ఫైలు షాపు సొంత సైట్ నుంచి మీ లాగిన్‌తో దిగిందే అయితే మోర్ ఇన్ఫో నొక్కి ముందుకెళ్లొచ్చు. ఎవరో పంపిన లింకు అయితే అక్కడే ఆగండి. యాంటీవైరస్‌ని పూర్తిగా ఆఫ్ చేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినకండి. విండోస్ సెక్యూరిటీలో ప్రొటెక్షన్ హిస్టరీ తెరిస్తే అది ఏ ఫైలు ఎత్తి పక్కన పెట్టిందో కనిపిస్తుంది. ఆ ఒక్కదాన్నీ వెనక్కి తెచ్చుకుని, దాని ఫోల్డర్‌ని మినహాయింపుల్లో చేరిస్తే చాలు.

కీ కొట్టడం

కీని చూసి టైప్ చేయకండి. సున్నాకీ ఓ అక్షరానికీ, ఒకటికీ ఐ అక్షరానికీ తేడా మన కళ్లకి తెలియదు. కాపీ చేసి పేస్ట్ చేయండి. అందులోనూ ఒక మెలిక ఉంది. మెయిల్‌లోంచి కాపీ చేస్తే చివర ఒక ఖాళీ కూడా వచ్చేస్తుంది. కీ తప్పు అంటుంది, చూస్తే కీ సరిగ్గానే ఉంటుంది. పేస్ట్ చేశాక ఎండ్ కీ నొక్కి కర్సర్ ఆఖరి అక్షరాన్ని ఆనుకుని ఉందో లేదో చూడండి. అనుమానముంటే ముందు నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి, అక్కణ్నుంచి కీ వరకే పట్టుకుని మళ్లీ కాపీ చేయండి.

కొన్నిటికి కీ ఒక్కటే చాలదు. ఎఫ్ఎస్‌యూఐపీసీ అని, జాయ్‌స్టిక్‌లూ స్విచ్‌లూ సిమ్‌కి కలపడానికి చాలామంది వాడే ప్రోగ్రాం ఉంది. దానికి పేరు, మెయిల్ ఐడీ, కీ మూడూ కొన్నప్పుడు ఎలా ఇచ్చామో అక్షరం పొల్లుపోకుండా ఇవ్వాలి. నేను కొన్నప్పుడు ఇంటిపేరు మొదటి అక్షరం తర్వాత చుక్క పెట్టాను. రిజిస్టర్ చేసేటప్పుడు పెట్టలేదు. మూడు రోజులు కీని తిట్టుకున్నాను. పాన్ కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే ఎంత గోలో రోజూ చూసే మనిషిని, ఆ చుక్క నాకు తట్టలేదు.

యాక్టివేషన్ అప్పుడు నెట్ ఉండాలి, కంప్యూటర్ తేదీ, టైమ్ సరిగ్గా ఉండాలి. పాత డెస్క్‌టాప్‌లలో లోపలి బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. అప్పుడు షాపు సర్వర్‌తో సురక్షిత కనెక్షనే కుదరదు. ఫైర్‌వాల్ అడిగితే అనుమతి ఇవ్వండి. కొన్ని ఇన్‌స్టాలర్‌లని రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితేనే కీ సరైన చోట రాసుకుంటాయి.

ఇక అసలు జాగ్రత్త. చాలా కీలకి ఇన్నిసార్లే అని లెక్క ఉంటుంది. 2022లో పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించాను, విండోస్ కొత్తగా వేశాం. అంతకుముందే రెండుసార్లు యాక్టివేట్ చేసిన ఒక విమానం, లెక్క అయిపోయింది పొమ్మంది. అది ఒక యూరప్ షాపు, పేరెందుకులెండి. సపోర్ట్‌కి రాస్తే ఇన్‌వాయిస్ నంబర్, కొన్న తేదీ అడిగారు. నా పద్దులో ఉన్నాయి కాబట్టి వెంటనే ఇచ్చాను. అయినా జవాబు రావడానికి ఆరు రోజులు పట్టింది. కాబట్టి ఫార్మాట్ కొట్టే ముందు ఒక్కొక్క యాడ్-ఆన్ తెరిచి డీయాక్టివేట్ బటన్ ఉందేమో చూడండి. కంప్యూటర్ షాపు కుర్రాడు "రెండు గంటల్లో ఇచ్చేస్తా మేడమ్" అని తీసుకెళ్లే ముందే ఈ పని అయిపోవాలి.

ఎక్స్-ప్లేన్ వాళ్లకి

ఎక్స్-ప్లేన్‌లో దాపరికం లేదు. సిమ్ ఫోల్డర్ ఒక్కటే, అన్నీ అందులోనే. స్టీమ్‌లో కొన్నారనుకోండి, గేమ్ మీద రైట్ క్లిక్, మేనేజ్, బ్రౌజ్ లోకల్ ఫైల్స్. విమానాలు ఎయిర్‌క్రాఫ్ట్‌లోకి, ఎయిర్‌పోర్ట్‌లు కస్టమ్ సీనరీలోకి, ప్లగిన్‌లు (సిమ్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాంలు) రిసోర్సెస్ లోపలి ప్లగిన్స్‌లోకి వెళ్తాయి.

చిక్కంతా వరసలో ఉంది. కస్టమ్ సీనరీలో సీనరీ ప్యాక్స్ డాట్ ఐఎన్ఐ అనే ఫైలు ఉంటుంది. అందులో పైనున్నదే నెగ్గుతుంది. కొత్తగా చేరింది తనంతట తనే పైకి వెళ్లి కూర్చుంటుంది. ఆర్థో4ఎక్స్‌పీ అనే ప్రోగ్రాంతో మా కృష్ణా తీరమంతా శాటిలైట్ ఫోటోలతో నేల పరిచినప్పుడు, ఆ నేల జాబితాలో అందరికన్నా పైకి ఎక్కింది. గన్నవరంలో రన్‌వే ఉంది, టెర్మినల్ బిల్డింగ్ లేదు. నేల అంటే అడుగున ఉండాల్సింది. నోట్‌ప్యాడ్‌లో ఆ లైన్లని కట్ చేసి జాబితా చివర పేస్ట్ చేశాను. ఎయిర్‌పోర్ట్‌లు పైన, లైబ్రరీలు మధ్యలో, నేల అట్టడుగున. ఇదొక్కటి గుర్తుంటే చాలు. మార్చే ముందు ఫైలుకి ఒక కాపీ తీసి పెట్టుకోండి.

సీనరీలో సమస్య ఉంది, లాగ్ డాట్ టీఎక్స్‌టీ చూడండి అని తెర మీద వస్తే భయపడకండి. ఆ ఫైలు సిమ్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఆ ఎయిర్‌పోర్ట్ పేరు వెతకండి. ఏ లైబ్రరీ లేదో ఆ చుట్టుపక్కల లైన్లలో ఉంటుంది. తరచుగా కావాల్సి వచ్చేవి ఓపెన్‌సీనరీఎక్స్, మిస్టర్‌ఎక్స్ లైబ్రరీ. రెండూ ఉచితమే, ముందే వేసి పెట్టుకోవచ్చు.

అయినా కనిపించకపోతే

సిమ్ కూలిపోయి మళ్లీ తెరిస్తే సేఫ్ మోడ్‌లో వెళ్తారా అని అడుగుతుంది. వెళ్తే కమ్యూనిటీ ఫోల్డర్‌ని పక్కన పెట్టి తెరుచుకుంటుంది. అప్పుడు బాగానే నడిచిందా, దొంగ కమ్యూనిటీలోనే ఉన్నాడు. సగం ఫోల్డర్లని గోడౌన్‌లోకి తరలించి మామూలుగా తెరవండి. బాగుంటే దొంగ ఆ తరలించిన సగంలో. దాంట్లో మళ్లీ సగం. అరవై యాడ్-ఆన్‌లున్నా ఆరుసార్లు తెరిస్తే పట్టుబడతాడు. ఒక్కొక్కటి తీసి చూసుకుంటూ కూర్చుంటే తెల్లారుతుంది.

ఎక్కువసార్లు దొరికే దొంగ ఏమిటంటే, ఒకే ఎయిర్‌పోర్ట్‌కి రెండు యాడ్-ఆన్‌లు. ఎప్పుడో ఉచితంగా పెట్టుకున్నది ఒకటి, ఇప్పుడు కొన్నది ఒకటి. బిల్డింగులు ఒకదాంట్లో ఒకటి దూరి, విమానం పార్కింగ్‌లో గాల్లో తేలుతూ ఉంటుంది. పాతది తీసేయండి.

సిమ్‌కి పెద్ద అప్‌డేట్ వచ్చిన రోజు కమ్యూనిటీని ఖాళీ చేసి, అప్‌డేట్ అయ్యాక కొన్ని కొన్నిగా వెనక్కి పెడతాను. ఇందుకు యాడ్-ఆన్స్ లింకర్ అనే ఉచిత ప్రోగ్రాం బాగా పనికొస్తుంది. అసలు ఫైళ్లు గోడౌన్‌లోనే ఉంటాయి, కమ్యూనిటీలో వాటి లింకులు మాత్రమే పెడుతుంది. టిక్ పెడితే ఉంటుంది, తీస్తే ఉండదు. సీ డ్రైవ్‌లో స్థలం కూడా మిగులుతుంది.

నావిగేషన్ డేటా విషయం కూడా చెప్పాలి. ప్రపంచమంతా విమాన మార్గాల సమాచారం 28 రోజులకోసారి మారుతుంది. దాన్ని ఏఐరాక్ సైకిల్ అంటారు. ఈ డేటా అమ్మే నావిగ్రాఫ్‌వాళ్ల చందా ఉంటే వాళ్ల హబ్ యాప్ దాన్ని సిమ్‌లో పెడుతుంది. చందా ఆగినా చివరిగా పెట్టిన సైకిల్ అలాగే ఉంటుంది, విమానం ఎగురుతుంది. సరదాకి నడిపేవాళ్లు నెలనెలా కట్టనక్కర్లేదని నా అభిప్రాయం.

పద్దు

నా పుస్తకంలో ఒక్కో యాడ్-ఆన్‌కి ఒక్కో వరస. వస్తువు పేరు, ఏ సిమ్‌కి, ఏ షాపు, కొన్న తేదీ, ఇన్‌వాయిస్ నంబర్, ఏ మెయిల్ ఐడీ, బిల్లు మీద పేరు ఎలా రాశాను, ఎన్నిసార్లు యాక్టివేట్ చేశాను, అప్‌డేట్ ఎటునుంచి వస్తుంది. ఆఖరి గడిలో గోడౌన్‌లో ఉందా, కమ్యూనిటీలో ఉందా అని పెన్సిల్‌తో రాస్తాను, మారుతూ ఉంటుంది కాబట్టి. కీలు మాత్రం పుస్తకంలో రాయను. ఇన్‌వాయిస్ పీడీఎఫ్‌లు, కీ మెయిల్‌లు పెన్‌డ్రైవ్‌లో వేరే. ఇన్‌స్టాలర్ ఫైళ్లు కూడా అందులోనే దాస్తాను. షాపులు మూతపడవని ఎవరూ రాసివ్వరు కదా.

మా వాడి దగ్గరికొద్దాం. మెయిల్ వెతికి షాపు పేరు చెప్పాడు. షాపు సరైనదే, వస్తువు 2024 వెర్షన్‌కే. "ఇన్‌స్టాలర్ ఏ ఫోల్డర్ చూపించింది?" అంటే "చూడలేదత్తా, నెక్స్ట్ కొట్టాను" అన్నాడు. వాడు మొదట స్టీమ్‌లో 2020 కొన్నాడు. తర్వాత దాన్ని తీసేసి గేమ్ పాస్‌లో 2024 ఆడుతున్నాడు. సిమ్ పోయింది గానీ రోమింగ్‌లో పాత ఫోల్డర్, అందులో కమ్యూనిటీ అలాగే మిగిలిపోయాయి. ఇన్‌స్టాలర్ ఆ పాత చిరునామాకే సరుకు చేరవేసి, పని అయిపోయిందని చెప్పింది. అబద్ధమేమీ ఆడలేదు.

ఆ షాపు అన్‌ఇన్‌స్టాలర్‌తోనే తీయించాను. పాత ఖాళీ ఫోల్డర్‌ని డిలీట్ చేయించాను. లిమిట్‌లెస్ అని మొదలయ్యే దారి పట్టించి, యూజర్‌సీఎఫ్‌జీ తెరిపించి, ఆఖరి లైను గట్టిగా చదివించాను. దారి చేత్తో ఎంచుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేశాడు. కీ మళ్లీ అడిగింది. రెండోసారి వాడినట్టు లెక్క. "రాసుకో" అన్నాను.

"ఎక్కడ రాసుకోనత్తా?"

"ఏదో ఒక కాగితం మీద రాయి ముందు."

పన్నెండూ పదికి వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. చాంగీ టెర్మినల్ ముందు వాడి ఏ320, వెనక కంట్రోల్ టవర్. దాని కింద ఇంకో ఫోటో, కరెంటు బిల్లు వెనకవైపు బాల్‌పెన్‌తో రాసిన మొదటి పద్దు. ఇన్‌వాయిస్ నంబర్ రాయడం మర్చిపోయాడు.